గీతగా మాఱిన మాట

చందానగరు గుండా ముంబయి వైపు సాగు పెద్దరహదారిపై, గంగారము మొదలుకొని లింగంపల్లి దాక, అంగళ్ల నుదుటి పలకలను తలయెత్తి చదువుకొనుచు నడచినవారికి, మన కాలమున తెలుగక్షరము ఎన్ని వేషములు ధరించుచున్నదో తెలియును. వస్త్రాలయముల పలకలు, మందుల దుకాణముల బోర్డులు, టిఫిన్ సెంటర్ల ధరల పట్టికలు, సాఫ్ట్‌వేర్ శిక్షణాలయముల ప్రకటనలు, ఫంక్షన్ హాలుల స్వాగత తోరణములు, ఆటోల వెనుక అద్దములమీది రేడియం స్టిక్కర్లు, ఇవన్నియు ఏదో యొక సందులోని డీటీపీ అంగడిలో, కంప్యూటరు తెరమీద, వెక్టర్ చిత్రములుగా జన్మించినవే.

ఆ అంగళ్లలో తఱచుగా నెదురగు చిక్కు ఒకటి కలదు. రెండేండ్ల క్రిందట బోర్డు చేయించుకొన్న వర్తకుడు, ఫోన్ నంబరు మాఱినందున, పాత ఫైలును పెన్‌డ్రైవులో వేసికొని వచ్చి, ఆ నంబరొక్కటి దిద్ది ఇచ్చినచో చాలునని యడుగును. ఫైలు తెఱచుకొనును, బొమ్మ యంతయు యథాతథముగా కనబడును, కాని అంకెల నడుమ కర్సరు నిలువదు. "మ్యాటరంతా కర్వ్స్ అయ్యిందన్నా, మొత్తం మళ్ల కొట్టాలె" అని ఆపరేటరు చెప్పును. ఇందుకు విపరీతమైన చిక్కు మఱియొకటి: మాటలు దిద్దుటకు వీలుగానే యుండును గాని, ఇంటి కంప్యూటరులో ముచ్చటగా నమరిన శుభలేఖ అంగడి కంప్యూటరులో వేఱు రూపు దాల్చును, లేదా తెలుగక్షరముల స్థానమున అర్థము లేని ఇంగ్లీషు గుర్తులు బారులు తీరి నిలుచును. ఒకచోట కనబడునది దిద్దుటకు రాదు. మఱియొకచోట దిద్దుటకు వచ్చునది సరిగా కనబడదు. పరస్పరవిరుద్ధములుగా తోచు ఈ రెండు చిక్కులకును కారణము ఒక్కటే. చిత్రములోని మాటకు రెండు ఉనికులు కలవు. అవి రెండును కంటికి ఒక్కతీరుగానే కనబడును.

రెండు ఉనికులు

కెమెరాతో తీసిన ఛాయాచిత్రము లక్షలాది రంగుచుక్కల సముదాయము. దానిని సాగదీసినచో చుక్కలు బయటపడి, అంచులు మసకబాఱును. వెక్టర్ చిత్రమునందు చుక్కలుండవు, ఆదేశములుండును: ఈ బిందువునుండి ఆ బిందువునకు ఇట్టి వంపుతో గీత గీయుము, దాని లోపల ఈ రంగు నింపుము, అని. ఆ వంపులను నిర్ణయించు పద్ధతిని ఫ్రాన్సు దేశమున 1960 ప్రాంతములలో ఇద్దరు, సిట్రోయెన్ కార్ల కర్మాగారమున పాల్ ద కాస్టల్‌జో, రెనో కర్మాగారమున పియెర్ బెజియే, వేర్వేఱుగా రూపొందించిరి. కార్ల పైరేకుల నునుపైన వంపులకై పుట్టిన ఆ విద్యయే నేడు మన అకారపు సుడిని, ఱకారపు మెలికను గీయుచున్నది. ఒక్కొక్క వంపునకు రెండు కొనలు, వానిని ఇటునటు లాగు రెండు పిడులు; ఇంతే సామగ్రి. కొలతలు మాత్రమే దాచబడినందున, విజిటింగ్ కార్డుమీది అక్షరమును ఇరువది అడుగుల ఫ్లెక్సుమీదికి పెంచినను అంచు చెదరదు.

ఇట్టి చిత్రములో "చందానగర్" అను పేరును రెండు విధముల నుంచవచ్చును. మొదటిది, మాటగా నుంచుట. అప్పుడు ఫైలులో నుండునవి చ, సున్న, ద, దీర్ఘము, న, గ, ర, పొల్లు అను 8 సంకేతములును, వానిని ఏ ఫాంటుతో, ఎంత పరిమాణమున, ఎక్కడ చూపవలెనో తెలుపు సూచనలును మాత్రమే. ఫైలు తెఱచిన ప్రతిసారియు కంప్యూటరు ఆ సూచనల ననుసరించి అక్షరములను క్రొత్తగా గీయును. రెండవది, గీతగా నుంచుట. అప్పుడు సంకేతములు లేవు, ఫాంటుతో నిమిత్తము లేదు. ప్రతి అక్షరపు బాహ్యరేఖయు వంపుల వరుసగా ఫైలులో స్థిరపడియుండును. అంగళ్లవారు "కర్వ్స్ చేయుట" అనునది ఈ పరివర్తనమునే.

త్యాగరాజ కీర్తన యొకటి మనయొద్ద స్వరలిపితో అచ్చైన పుస్తకముగా నుండవచ్చును, ఒక విద్వాంసుడు పాడగా పట్టిన గ్రామఫోను రికార్డుగా నుండవచ్చును. స్వరలిపిలో ముద్రారాక్షసముండినచో దిద్దవచ్చును, ఏ గాయకుడైనను దానిని తన కంఠముతో పాడవచ్చును. గాయకుడు లేనిచో మాత్రము పుస్తకము మూగది. రికార్డు ఎవరి యింటనైనను ఒక్క కంఠముతో, ఒక్క తీరున పలుకును. కాని అందలి యొక్క పదమును మార్చుటకు ఎవరి తరమును కాదు. ఫైలులోని మాట స్వరలిపి, ఫాంటు గాయకుని కంఠము, కర్వ్స్ చేసిన అక్షరము రికార్డు. పై వర్తకుడు తెచ్చినది రికార్డు. శుభలేఖ చెడినవారు పుస్తకము నంపి గాయకుని పంపుట మఱచినవారు.

తెలుగునకు గల విశేషము

ఇంతవరకు చెప్పినది ఏ భాషకైనను చెల్లును. ఇంగ్లీషు బోర్డు కర్వ్స్ అయినను, ఒక అక్షరమునకు ఒక గీత చొప్పున విడివిడిగా నుండును గనుక, ఓపిక గల ఆపరేటరు ఒక అక్షరమును తీసి వేఱొక దానిని అచ్చట నిలుపగలడు. తెలుగునకు ఆ సౌలభ్యము లేదు. మన వ్రాతలో ఉచ్చారణక్రమము వేఱు, కంటికి కనబడు క్రమము వేఱు. మొదటి దానినుండి రెండవ దానిని నిర్మించుటకు ఫాంటును, దానిని నడిపించు ఒక అక్షరసంయోజక యంత్రమును కూడి పనిచేయవలెను.

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణము, అంతకుముందే భారతదేశమున ఏర్పడిన ఇస్కీ పద్ధతి ననుసరించి, తెలుగునకు 128 స్థానముల పట్టికను కేటాయించినది. ఆ పట్టికలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు ఉన్నవే గాని, ఒక్క ఒత్తైనను లేదు. ఒత్తు అనునది పొల్లును, దాని వెనుక వచ్చు హల్లును కలిసినప్పుడు పుట్టవలసిన రూపమని ఆ ప్రమాణకర్తల నిర్ణయము. ఈ నిర్ణయము యుక్తమైనదని నా దృఢాభిప్రాయము. ఏలయన మాటను వెదకుట, అకారాదిగా కూర్చుట, దిద్దుట, చదివి వినిపించుట, ఇవన్నియు ఉచ్చారణక్రమమును దాచినప్పుడే సుకరములు. కాని దీనివలన భారమంతయు గీయువారిమీద పడినది.

────────────
పేటిక: "వస్త్రాలయము"లోని "స్త్రా" ఎట్లు పుట్టును?

ఫైలులో నున్నవి 6 సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘము. సంయోజక యంత్రము మొదట ఈ ఆఱును ఒకే అక్షరమున చేరినవని గుర్తించి, సకారమును ఆధారముగా నిలుపును. పిమ్మట పొల్లును తకారమును కలిపి తకారపు ఒత్తుగాను, పొల్లును రకారమును కలిపి రకారపు ఒత్తుగాను మార్చును. అటుపైన చిట్టచివర నున్న దీర్ఘమును ఒత్తులను దాటించి ముందునకు తెచ్చి, సకారపు తలకట్టు స్థానమున దానిని అమర్చును. చివరకు ఒత్తులు రెండును ఒకదానినొకటి ఒరసికొనకుండ చోటు చూపును. ఐత్వమైనచో మఱియొక మెట్టు కలదు: ఫైలులోని ఒక్క సంకేతము తలమీద నొక తునకగను, అడుగున నొక తునకగను రెండుగా చీలవలెను.
────────────

ఈ మెట్లలో దేని యందు పొరపాటు జరిగినను అక్షరము విడిపోవును. పొల్లు వేఱుగా, ఒత్తు కావలసిన హల్లు నిండురూపముతో పక్కన నిలుచును. పాత సాఫ్ట్‌వేర్లలో తెలుగు అట్లు చెదరి కనబడుటకు కారణము ఇదియే. ఈ సంయోజనము ఎంత సున్నితమైన పనియో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని యొక విభాజక చిహ్నము, దీర్ఘము, ఈ వరుసలో వచ్చిన ఒక్క తెలుగక్షరమును గీయబోయి ఐఫోనులలోని సందేశముల యాప్‌లు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ 11.2.6 అను సవరణను విడుదల చేసి దానిని సరిదిద్దవలసివచ్చినది.

ఆ కనబడని విభాజకము ఏమిటందురా? సైబరాబాదు ప్రాంతమున మిక్కిలి వాడుకలో నున్న మాటనే చూడుడు: సాఫ్ట్‌వేర్. ఇందు టకారపు పొల్లు వెంటనే వకారము వచ్చుచున్నది. యంత్రము తన ధర్మము తాను నెఱవేర్చి వకారమును ఒత్తుగా మార్చి "సాఫ్ట్వేర్" అని చూపును. అట్లు కాకుండుటకు ఆ రెండింటి నడుమ, వెడల్పు లేని విభాజక చిహ్నము నొకదానిని నిలుపవలెను. ఇంక్‌స్కేప్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో అక్షరములు టైపు చేయుచుండగా, కంట్రోల్ మీటతో యు నొక్కి, 200సీ అని కొట్టి, ఎంటర్ నొక్కినచో ఆ చిహ్నము వచ్చి చేరును. హార్డ్‌వేర్ దుకాణమునకు బోర్డు వ్రాయువారికి ఈ చిన్న యుపాయము తెలిసినచో, వకారపు ఒత్తును గీతగా మార్చి, నఱికి, అతికించు ప్రయాస తప్పును.

పాత ఫాంట్ల వారసత్వము

అర్థము లేని ఇంగ్లీషు గుర్తుల సంగతి ఇంకను మిగిలినది. యూనికోడ్ తెలుగు అంగళ్లకు చేరుటకు పూర్వమే మన డీటీపీ రంగము స్థిరపడినది. 'అను' ఫాంట్లు, శ్రీలిపి మొదలైనవి ఆ కాలపు సాధనములు. అవి వేఱొక త్రోవ త్రొక్కినవి: ఫాంటులో ఇంగ్లీషు అక్షరములకు, వాని యనుబంధ చిహ్నములకు కేటాయించిన 256 లోపు గదులలో తలకట్టు నొకచోట, గుడి నొకచోట, ఒత్తు నొకచోట నింపి, కంటికి కనబడు క్రమమున వానిని పేర్చుట. లెటర్‌ప్రెస్‌లో కంపోజిటరు చేతితో తునకలను ఏఱి పేర్చినదానికి ఇది సహజమైన కొనసాగింపు. వేఱు దారి లేని దినములలో ఆ ఫాంట్లే మన పత్రికలను, పాఠ్యపుస్తకములను, శుభలేఖలను మోసినవి. ఆ ఋణమును మఱవరాదు. కాని అట్లు కూర్చిన ఫైలులో నిజముగా నున్నది తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తుల వరుస. ఆ ఫాంటు లేని యంత్రమున అది తన నిజస్వరూపమున బయటపడును. ఒక సంస్థ ఏ గదిలో ఏ తునకను ఉంచెనో మఱియొక సంస్థ అట్లు ఉంచలేదు గనుక, ఒక ఫాంటును తీసి మఱియొక దానిని తొడిగినను ఫలము లేదు. ముందు మార్పిడి సాధనముతో యూనికోడ్‌లోనికి తెచ్చుకొని, పిదప ఒత్తులపై ప్రత్యేకదృష్టి నుంచి ప్రూఫు చూచుటయే మార్గము.

పీడీఎఫ్ ఫైలు మాటకును గీతకును నడిమి స్థితి. అందు ఫాంటు తునకలు, అవి నిలువవలసిన స్థానములు ఉండును. ఆ తునకలు ఏ సంకేతములకు ప్రతినిధులో తెలుపు పట్టిక ఒక్కొక్కప్పుడు ఉండును, ఒక్కొక్కప్పుడు ఉండదు. దీర్ఘము ముందునకు, ఒత్తు వెనుకకు జరిగిన తరువాతి వరుసనుండి మొదటి వరుసను ఊహించి రాబట్టవలసినందున, పీడీఎఫ్‌ను తెఱచి తెలుగును దిద్దుట తఱచుగా నిష్ఫలప్రయత్నమగును. మూలఫైలును అడిగి తెచ్చుకొనుట మేలు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చేసిన మేలు

వెక్టర్ చిత్రములకు ఎస్‌వీజీ అను బహిరంగ ప్రమాణము 2001లో వెబ్ ప్రమాణముల సంస్థయైన డబ్ల్యూ3సీ ద్వారా వెలువడినది. దీని విశిష్టత ఏమనగా, ఎస్‌వీజీ ఫైలు స్వయముగా చదువదగిన వ్రాత. దానిని నోట్‌ప్యాడు వంటి సామాన్య సాధనముతో తెఱచినను, వృత్తములు, గీతలు, రంగులు మాటలతో వర్ణింపబడియుండును. వాని నడుమ, టెక్స్ట్ అను గుర్తుల మధ్య, మన తెలుగుమాట తెలుగులోనే దర్శనమిచ్చును. వర్తకుని ఫోన్ నంబరు మాటగా నిలిచియుండినచో, దానిని దిద్దుటకు చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌తో సైతము పని లేదు.

ఈ ప్రమాణమును తన సహజరూపముగా గ్రహించినది ఇంక్‌స్కేప్. రాఫ్ లెవియెన్ ఆరంభించిన గిల్ అను కార్యక్రమమునుండి, ఎస్టోనియా దేశస్థుడైన లౌరిస్ కాప్లిన్‌స్కీ సోడిపోడి అను చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌ను నిర్మించెను. దానినుండి 2003లో నలుగురు కార్యక్రమకర్తలు చీలి ఇంక్‌స్కేప్‌ను స్థాపించిరి. స్వచ్ఛంద సేవకుల చేతులలో పెరిగి అది 2020 మే నెలలో 1.0 సంఖ్యను అందుకొన్నది. అక్షరములను పంక్తులుగా కూర్చుటకు అది పాంగో అను గ్రంథాలయమును, తెలుగు వంటి లిపుల సంయోజనమునకు హార్ఫ్‌బజ్ అను యంత్రమును ఆశ్రయించును. ఇరాను దేశమున జన్మించిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ప్రధానకర్తగా రూపొందిన ఈ హార్ఫ్‌బజ్‌యే ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోను, లిబ్రె ఆఫీసులోను, ఆండ్రాయిడ్ ఫోనులలోను అక్షరములను కూర్చుచున్నది. దాని మూలము బహిరంగము గనుక, తెలుగు ఒత్తు ఒకటి తప్పుగా పడినచో ఆ తప్పును ఎత్తిచూపుటకు, చేతనైనచో దిద్ది పంపుటకు, ఏ తెలుగువానికైనను అధికారము కలదు. చందానగరునకు పొరుగుననే, గచ్చిబౌలిలో, స్వేచ్ఛ అను సంస్థ కంప్యూటరు తెలుగులో మాటలాడవలెనను సంకల్పముతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమును నడుపుచున్నది.

ఇంక్‌స్కేప్‌లో అక్షరపరికరముతో ఒకచోట నొక్కి టైపు చేసినచో పంక్తి తనంత తాను సాగిపోవును. గీసిన చతురస్రము లోపల టైపు చేసినచో మాటలు అంచు తగులగనే క్రింది పంక్తికి దిగును. బోర్డు శీర్షికకు మొదటిది, శుభలేఖలోని విన్నపమునకు రెండవది తగును. ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలెను. 1.0కు పూర్వపు ఇంక్‌స్కేప్‌లో చతురస్రమున నింపిన వ్రాత, ప్రమాణముగా స్థిరపడకయే మూలబడిన ఒక ముసాయిదా పద్ధతిలో దాచబడెడిది; అట్టి పాత ఫైలును బ్రౌజరులో తెఱచినచో వ్రాతకు బదులు నల్లని పెట్టె కనబడును. క్రొత్త ఇంక్‌స్కేప్‌లో దానిని తెఱచి, మాటలను క్రొత్త పెట్టెలోనికి మార్చుకొనుట ఉత్తమము. ఆలయ తోరణముమీద వలె అర్ధవృత్తాకారమున పేరు వ్రాయవలసినప్పుడు కూడ గీతగా మార్చనక్కఱలేదు. మాటను వంపుమీద నిలుపు ఏర్పాటు అందే కలదు, ఆ పిమ్మటను అక్షరములు దిద్దుటకు లొంగియే యుండును.

కంఠము మాట మిగిలినది. ఎస్‌వీజీ ఫైలు ఫాంటు పేరును మాత్రమే మోయును, ఫాంటును మోయదు. ఆ పేరు గల ఫాంటు ఎదుటి యంత్రమున లేనిచో వేఱొకటి వచ్చి దాని స్థానమున పాడును. అక్షరముల వెడల్పులు మాఱి పంక్తులు చెదరును. ఫాంటును ఫైలుతో కూడ పంపుటకు న్యాయముగా హక్కు ఉండవలెను. ఇచ్చటనే స్వేచ్ఛాఫాంట్ల విలువ తెలియును. పురుషోత్ కుమార్ గుత్తుల రూపకల్పన చేయగా సిలికానాంధ్ర సంస్థ లోకమునకు అందించిన రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న, గురజాడ, ఎన్టీఆర్ మొదలైన ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద లభించుచున్నవి. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు అంతకు పూర్వమే యూనికోడ్ తెలుగునకు దారి చూపినవి. లైసెన్సు పత్రముతో పాటు ఓపెన్ ఫాంటును డిజైనుతో జతచేసి, ఎవరి అనుమతికిని నిరీక్షింపక, ముద్రాపకునకు పంపవచ్చును.

గీతగా మార్చక తప్పని వేళ

గీతగా మార్చుట దోషమని నేననుట లేదు. రేడియం స్టిక్కరు కత్తిరించు ప్లాటరునకు ఫాంట్లతో పని లేదు; దాని కత్తి గీతవెంట మాత్రమే నడచును. నేమ్ ప్లేటు చెక్కు లేజరు యంత్రమునకును అంతే. షిఫ్ట్, కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కినచో ఇంక్‌స్కేప్ మాటను గీతగా మార్చును. కాని తెలుగులో ఇంకొక మెట్టు మిగిలియుండును. తలకట్టును, హల్లును, ఒత్తును వేర్వేఱు తునకలుగా నుండి, కలిసిన చోట ఒకదానిపై నొకటి ఎక్కియుండును. తెరమీద రంగు నిండియుండుటచే ఇది కనబడదు, కాని కత్తి ప్రతి తునక అంచువెంటను నడచి, అక్షరము నడుమ గాట్లు పెట్టును. అందుచేత తునకలను విడదీసి, కంట్రోల్ మీటతో కూడిక గుర్తు నొక్కి, వానిని ఏకగీతగా సంలీనము చేసికొనవలెను. పూరకము తీసి, అంచుగీత మాత్రమే కనబడునట్లు చేసినచో కత్తి పోవు దారి ముందుగనే తెలియును.

ఈ పని మూలఫైలుపై నెన్నడును చేయరాదు. ప్రతి తీసి, దానిపై చేయవలెను. వర్తకుని చిక్కంతయు పుట్టినది ఆ ఒక్క ప్రతి తీయకపోవుటచేతనే. మూలప్రతి నశించినవారికి సైతము చిన్న యాశ కలదు. ఇంక్‌స్కేప్ మాటను గీతగా మార్చునప్పుడు, పుట్టిన గీతల గుంపునకు ఆ మాటనే ఒక లేబులుగా తగిలించి ఉంచును. చూపులేనివారికై తెరను చదివి వినిపించు సాధనములు గ్రహించునట్టి లేబులు అది. షిఫ్ట్, కంట్రోల్, ఎక్స్ మీటలతో ఫైలు అంతర్భాగమును తెఱచి చూచినచో, గుంపు విడదీయబడక నిలిచియున్నంతవరకు, ఏరియా లేబుల్ అను పేరు పక్కన అసలు మాట కనబడును. దానిని తీసికొని మరల టైపు చేయకయే క్రొత్త వ్రాతగా నిలుపవచ్చును.

ఒక్క చిత్రము, అనేక నామములు

మాటను మాటగా నిలుపుటవలని లాభము దిద్దుబాటుతో ముగియదు. పాఠశాల వార్షికోత్సవమునకు 300 మంది పిల్లలకు ప్రశంసాపత్రములు కావలెననుకొందము. చిత్రము నొకదానినే గీసి, పేరుండవలసిన చోట ఒక గుర్తుమాటను నిలిపి, ఎస్‌వీజీగా దాచినచో, కొద్ది పంక్తుల కార్యక్రమము పేర్ల పట్టికను చదివి, ఆ గుర్తుమాట స్థానమున ఒక్కొక్క పేరును నిలుపుచు 300 పత్రములను సిద్ధము చేయగలదు. ఫైలు చదువదగిన వ్రాత యగుటచేతనే ఇది సాధ్యమైనది. పేరును మధ్యకు సమముగా అమర్చిన పంక్తిగా నుంచినచో, చిన్నపేరైనను పెద్దపేరైనను నడిమిభాగమునుండి ఇరువైపులకు సాగును. మిక్కిలి పొడవైన పేరు నొకదానితో ముందుగా సరిచూచుకొనవలెను. పేర్ల పట్టిక యూనికోడ్‌లో నుండవలెను. రాజ్‌కుమార్, విజయ్‌కుమార్ వంటి పేర్లలో విభాజక చిహ్నము పడినదో లేదో ప్రత్యేకముగా చూడవలెను, లేనిచో కకారము ఒత్తైపోవును. ఆ తనిఖీ ముగిసిన పిమ్మట, ముద్రాపకుని యొద్ద ఫాంటు లేనిచో మాత్రమే, ప్రతులను గీతలుగా మార్చి పంపుట యుక్తము.